సునీతక్క కట్టిన బంతిపూల దండ

ఈ మాటను లోపల మోస్తూ మోస్తూ నలుగురిలో కూర్చోవడం చేతకాకుండా పోయింది నాకు. ఎవరైనా దగ్గరికి వచ్చి, నువ్వు మంచివాడివి అంటే ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం ఇన్నేళ్ళయినా రాలేదు.

2013లో అశోక్ నగర్‌లో ఒక ఇరుకు గదిలో ఉండేవాణ్ణి. గదిలో మిగతావాళ్ళంతా గ్రూప్స్‌కు చదివేవాళ్ళు. నేనూ వాళ్ళతోపాటే మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, నారాయణగూడలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆ తర్వాత వాళ్ళకు నాతో మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. నేను వచ్చేసరికి పుస్తకాల్లో తలలు దూర్చి ఉండేవారు. చెప్పుల చప్పుడు కాకుండా వెళ్ళి నా చాప పరుచుకునేవాణ్ణి.

మా కంపెనీ ఫ్యాక్టరీలకు యంత్రాలు బిగించి ఇచ్చేది. అప్పట్లో ఫ్యాక్టరీలవాళ్ళు కొత్తగా ఒకటి అడగడం మొదలుపెట్టారు. చుట్టూ కంచె లేకుండా, మనిషి పక్కనే నిలబడి, మనిషితో ఒకే బల్ల మీద పనిచేసే రోబో కావాలని. మా సారు ఎక్కడెక్కడో తిరిగి ఒకటి తెప్పించారు. మోచెయ్యి, మణికట్టు ఉన్న ఒంటి చెయ్యి అది. మా షెడ్డులోనే బిగించి, ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ పని దానితో చేయించేవాళ్ళం. సీసాలు తీసి అట్టపెట్టెలో పెట్టేది. పెట్టె మూసి పక్కకు జరపడం మనిషి పని. ఆ మనిషి సునీతక్క.

అక్క దోమలగూడ నుంచి నడిచి వచ్చేది. మొదటిరోజు ఆ చెయ్యి కదలగానే బెదిరి వెనక్కి జరిగింది. నేను నా చెయ్యి దానికి అడ్డం పెట్టాను. తగలగానే ఆగిపోయింది. "చూసినవా అక్కా, మనిషి తగిలితే ఆగుతది. భయపడకు," అన్నాను. ఆమె నా మాట నమ్మింది. కొన్నాళ్ళకు దానికి మూగోడని పేరు కూడా పెట్టి, "జర ఆగురా మూగోడా, ఏం కొంపలు మునిగినయి నీకు," అని తిట్టేది. నన్ను మాత్రం రోజూ ఒకటే అడిగేది. తిన్నవా తమ్మీ? ఇంత పెద్ద ఊళ్ళో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

దసరా వచ్చింది. ఆయుధపూజకు డ్రిల్లింగ్ మిషన్లు, పానాలు, సారు స్కూటర్ అన్నీ తుడిచి బొట్లు పెట్టాం. సునీతక్క మూగోడి మణికట్టుకు పసుపు కుంకుమ పెట్టి, ఇంట్లో తానే గుచ్చి తెచ్చిన ముద్దబంతి దండను ఎర్రదారంతో కట్టింది. ఆ మర్నాడే ఒక ఫ్యాక్టరీవాళ్ళు చూడటానికి వస్తున్నారు. పొద్దున్నే నడిపి చూస్తే, దండ పెట్టెకు రాసుకున్నప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది. మనిషే తగిలినట్టు అనుకుంటోంది.

దండ తీసేస్తే సరిపోయేది. కానీ పూజలో వేసిన దండ వాడిపోకముందే తీస్తే మంచిది కాదని అక్క పట్టింపు. సారు కూడా "ఇయ్యాల ఉండనియ్యి," అన్నారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఎంత ఒత్తిడి తగిలితే చెయ్యి ఆగాలో ఆ హద్దును పెంచేశాను. ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్ళు ముచ్చటపడి వెళ్ళారు. సారు అందరి ముందూ నా భుజం తట్టారు.

దండ వాడిపోయాక అక్కే పూలు తీసేసింది. దారం మాత్రం ఉంచింది. నేను హద్దును మళ్ళీ తగ్గించాలి. మరిచిపోయానా? మరిచిపోయాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. బాగా గుర్తుంది. హద్దు పెంచాక అది మాటిమాటికీ ఆగడం లేదు, పని చకచకా సాగుతోంది, అంతవరకూ నన్ను ఏయ్ అని పిలిచిన సారు పేరు పెట్టి పిలుస్తున్నారు, ఆ పిలుపు వినడం కోసం ఇంకో రోజు, ఇంకో రోజు అనుకుంటూ ఉండనిచ్చాను.

ఆ రోజు పెట్టెలో ఒక సీసా వంకరగా పడింది. చెయ్యి దిగుతుండగానే అక్క సర్దడానికి వేళ్ళు పెట్టింది. ఎందుకు పెట్టదు? తగిలితే ఆగుతుందని చెప్పింది నేను. అది ఆగలేదు. పెట్టె అంచుకూ దానికీ మధ్య ఆమె కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. కేక కూడా పెట్టలేదు. "తమ్మీ," అంది. పరుగెత్తి స్విచ్ నొక్కాను.

ఎందుకు ఆగలేదని సారు అడిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. మూగోడి మణికట్టుకు ఆ ఎర్రదారం ఇంకా ఉంది. "పూజ దారం బిగుసుకుంది సార్. అందుకే దానికి తెలుస్తలేదు," అన్నాను. అంత సులువుగా వచ్చింది నోట్లోంచి. అది నిజమో కాదో చూడటం తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అందరూ వెళ్ళాక హద్దును యథాస్థానానికి తెచ్చాను. యంత్రాలకు ఏవేవో కట్టే మనిషి వద్దని సారు సునీతక్కను పని మాన్పించారు.

చూడటానికి దోమలగూడ వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"నేను కట్టిన దారం వల్లనే గిట్లయిందంట గదా," అంది. "సారు నిన్ను గూడ తిట్టిండా?"

"లేదక్కా."

"నా చెయ్యే మంచిది కాదు తమ్మీ. నా వల్ల నీకు మాటొచ్చింది. ఏమనుకోకు. తిన్నవా?"

తిన్నానన్నాను. అదీ అబద్ధమే.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? ఆ ఉద్యోగం కొన్ని నెలల్లో నేనే మానేశాను. చదువు వదిలేసి వచ్చినవాడు ఇదీ చెడగొట్టుకున్నాడని గదిలోవాళ్ళు అనుకుంటారనా? వాళ్ళు నా గురించి ఏమైనా అనుకోవడం మానేసి చాలాకాలమైంది. దేన్ని కాపాడుకున్నానో ఇప్పటికీ తెలియదు. సిగ్గుగా ఉంది.

మరుసటి దసరాకు చిక్కడపల్లిలో ఒంటరిగా ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. మార్కెట్లో పూలు అమ్మేచోట సునీతక్క కనిపించింది. పక్కన ఆమె చెల్లెలు బంతిపూలు బేరమాడుతోంది. "అక్కా, బండికి నువ్వే కట్టరాదూ," అంది చెల్లెలు. అక్క ఆ వంగని వేళ్ళను కొంగులో దాచుకుంది. "నా చేత్తోటి వద్దు. నువ్వే కట్టుకో. నేను ముట్టను గూడ ముట్ట," అంది.

పండుగ గుమ్మడికాయలు పోసిన చోట, ఆమెకు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. తలొంచుకుని ఇంకో దారిన ఇంటికి వచ్చేశాను. తర్వాత ఎప్పుడో ధైర్యం చేసి దోమలగూడ వెళితే ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. ఎక్కడికి వెళ్ళారో వాళ్ళకు తెలియదన్నారు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడం మీ చేతిలో లేదు. ఆమె ఏ ఊళ్ళో ఉన్నా ఈ పండుగకూ పూలు ముట్టదని నాకు తెలుసు. రాయడం వల్ల ఆ వేళ్ళు వంగవు. కానీ మార్కెట్లో మింగేసిన మాట ఒక్కసారైనా బయటికి రావాలి. నీ దండ వల్ల కాదక్కా. దారం వల్ల కాదు. నేను చేసిన. నీ చెయ్యి మంచిదే.

రాశాను. గుండె కాస్త తేలికైంది, అది కూడా దాచను.

నేను ఇంకా తినలేదక్కా.