పట్నానికి లోడు పోని నాలుగు రోజులు

విశాఖపట్నానికి ఒక్క లారీ కూడా పోకూడదని మేం తీర్మానించుకున్నప్పుడు నాకున్నది ఒకే లారీ, దాన్ని నేనే నడిపేవాణ్ణి. పగటిపూట ఊళ్లోకి రానివ్వరు. వెళ్తే జరిమానా. సరుకు దించేదాకా గోడౌన్ల బయట ఎండలో పడి ఉండాలి, ఒంటికి పోవాలన్నా వాచ్‌మన్ కసురుకుంటాడు. ఇన్నేళ్లూ ఓర్చుకున్నాం గానీ ఆ ఏడు ఎవరికీ ఓపిక మిగల్లేదు. మనం మోసుకెళ్తేనే కదా వాళ్లు తినేది, నాలుగు రోజులు ఆపితే కాళ్లబేరానికి వస్తారని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

శ్రీకాకుళం దాటాక హైవే పక్కన టెంటు వేశాం.

"సెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది మన యవ్వారం," అన్నాడొక ముసలి డ్రైవరు. "పట్నానికి రాజమండ్రి వైపు రోడ్డున్నాది, రైలున్నాది, సముద్రమున్నాది. మనం ఆపింది ఒక్క వైపే గదరా!"

ఎగతాళి చేసి అతన్ని కూర్చోబెట్టేశాం. అందులోనూ నా గొంతే పెద్దది.

మొదటిరోజు పొద్దున మేం ఆపిన మూడో బండి మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. కళింగపట్నం ఒడ్డున పడవలు రాగానే వేలంపాటలో చేపలు కొని, ఐసు వేసి, అద్దె వ్యానులో పట్నం తీసుకెళ్లడం ఆమె పని. బావ పోయాక ఇల్లు దానిమీదే నడుస్తోంది. అక్కడి మార్కెట్టులో ఒకే వ్యాపారి ఏళ్ల తరబడి ఆమె సరుకు తీసుకుంటున్నాడు. తప్పకుండా అందించినంత కాలమే అలాంటి వ్యాపారి నిలుస్తాడు.

"ఒరే తమ్ముడా, సేపలకి సమ్మేటిరా? ఇవి ఆగవు. నన్నొదిలీయండి," అంది వ్యాను దిగి.

టెంటులో ఉన్నవాళ్లంతా నా మొహం చూశారు.

"నిన్నొక్కదాన్నీ ఒదిల్తే మిగతావోల్లకి ఏటి సెప్పాలప్పా?" అన్నాను.

ఆమె వెళ్లి వ్యాను నీడలో కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నానికి ఐసు కరిగి వ్యాను కింద నీళ్లు కారుతున్నాయి. ఆమె ఓ పెట్టె మూత తీసి, ఒక కానాగంత చేప మొప్ప ఎత్తి చూసింది.

"సాయంత్రానికి ఇవి ఎందుకూ పనికిరావు. ఇప్పుడైతే తినొచ్చు. స్టవ్వులు తియ్యండిరా," అంది.

లారీల్లోని స్టవ్వులు, గిన్నెలు బయటికొచ్చాయి. చింతపండు ఆమే పిసికింది. ఏ గిన్నెలో ఉప్పు తగ్గిందో, ఎవరిది అడుగంటుతోందో చూసుకుంటూ తిరిగింది. పట్నాన్ని పస్తు పెడదామని కూర్చున్నవాళ్లం మా అప్ప సరుకంతా కడుపునిండా తిన్నాం. నేనూ తిన్నాను. సిగ్గు లేకుండా రెండోసారి వేయించుకున్నాను కూడా.

"నా సరుకు పోతే పోనాది. మీకేదైనా మేలు జరిగితే అదే సాలు," అంది వెళ్తూ.

నాలుగోరోజు, కూర్చుని మాట్లాడుకుందాం రండని పైనుంచి కబురొచ్చింది. అదే గెలుపని చెప్పుకుని టెంటు పీకేశాం. నిజానికి అందరం అలిసిపోయాం, ఇంటికి పోవడానికి ఏదో ఒక సాకు కావాలి. ఆ మాటలు ఇప్పటికీ జరగలేదు.

మర్నాడు నెల్లిమర్లలో గోనెసంచులు ఎత్తుకుని పట్నం వెళ్లాను. లోడు దించాక, మా అప్ప తరఫున సర్దిచెబుదామని చేపల మార్కెట్టుకి నడిచాను. బల్లల నిండా చేపలే. కాకినాడ వైపు నుంచి వచ్చాయట. ఆ వ్యాపారి మర్యాదస్తుడు, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"మీ వైపేదో సమ్మె అట గదా, అయిపోయిందా?" అన్నాడు. "ఇక్కడ మాకేమీ తెలీలేదు. కాకినాడ వాళ్లకి మాటిచ్చేశాను బాబూ, ఏమీ అనుకోకు."

తిరిగి వస్తూ దారంతా ఈ కబురు ఎలా చెప్పాలా అనే ఆలోచన. అప్ప ఇంటికి వెళ్లేసరికి ఆమె వాకిట్లో ఐసు పెట్టెలు కడుగుతోంది.

"పట్నం ఏటయిందిరా?" అనడిగింది.

"ఏటీ అవనేదప్పా." ఆగితే మళ్లీ చెప్పలేనని వ్యాపారి మాట కూడా చెప్పేశాను.

ఆమె పెట్టె రుద్దడం ఆపలేదు. "తెలుసురా. ఆ మర్నాటికి సరుకు రాకపోతే ఇంకొకలకి ఇచ్చీస్తానని రెండోనాడే ఫోను సేసినాడు."

"మరి నాకు సెప్పనేదేటి?"

"సెప్తే నువ్వు ఆ టెంటులోంచి లేచొచ్చీసి నా సరుకు తోలీదువు. ఆ తరవాత ఏ డ్రైవరు నీ మొకం సూస్తాడురా?"