ఇటుక రంగుకు తిరిగిన గొట్టం

యలహంకలోని ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతాను. నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది అక్కడి బయోకెమిస్ట్రీ మేడమే. మూత్రంలో చక్కెర పరీక్ష నేర్పేటప్పుడు పిల్లలు అసహ్యించుకోకూడదని, ఏటా ఆరోగ్యవంతుల నమూనాగా మేడమ్ తనదే ఇస్తారు. చక్కెర లేకపోతే అందులో కలిపే నీలం మందు వేడి చేసినా నీలంగానే ఉంటుంది; ఉంటే ఎర్రబడుతుంది. ఆ రోజు వేడి చేయగానే ఇటుక రంగుకు తిరిగింది.

“గౌరమ్మా, గొట్టం సరిగ్గా కడగలేదా?” మేడమ్ నవ్వారు.

“అయ్యో, కడిగినానమ్మా!”

మరో గొట్టం కడిగిచ్చాను. మళ్ళీ అదే రంగు.

మేడమ్ స్టూలు మీద కూలబడ్డారు. పిల్లల వైపు తిరిగి, “చూసింది రాసుకోండప్పా. మీ టీచరుకు చక్కెర ఉండాది” అన్నారు.

మొదటి గొట్టం మీద ‘ఆరోగ్యం’ అని చీటీ రాసి అంటించింది నేనే. చదవడం వచ్చినందుకు బాధపడింది ఆ ఒక్క రోజే.