దారిలో పెట్టిన స్టూలు

మా చొక్కాల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేసే అక్క ముఖాన సూపర్‌వైజరు రోజూ తప్పుకుట్టు చొక్కా విసిరికొట్టేవాడు. పదకొండేళ్లు ఆమె కిక్కురుమనలేదు. ఒక ఉదయం ముఖాన పడ్డ చొక్కా తీసేసినా చీకటి పోలేదు.

"కళ్లకు జబ్బు లేదు. మనసు తట్టుకోలేక చూపు ఆగింది. నటన కాదు," అని డాక్టరమ్మ రాసిచ్చింది.

మన మేధావి సూపర్‌వైజరు ఊరుకుంటాడా? చప్పుడు చేయకుండా ఆమె దారిలో స్టూలు పెట్టాడు. అక్క దాని పక్కనుంచి నడిచిపోయింది.

"స్టూలు ఎలా తప్పించుకుందో చూశారా, మహానటి! రేపట్నుంచి పనిలోకి రాకు!"

"స్టూలా? ఎక్కడ సార్?" అక్క గాలిని తడుముకుంది.

ఇలాంటివాళ్లు తమకు తెలియకుండానే అడ్డొచ్చినవాటిని తప్పించుకుని నడవగలరని డాక్టరమ్మ కాగితంలోనే ఉంది. చదివితే తన గొప్ప తరిగిపోతుందనుకున్నాడేమో!

అక్క ఫిర్యాదు మీద సోమవారం కార్మిక కార్యాలయంలో విచారణ. ఆ చొక్కాలు విసరడం చూసినవాళ్లు దయచేసి వచ్చి చెప్పండి.