ఉడుము ఎక్కిన స్తంభం

కబాలిహన్ తీరంలో బులకావ్ ఒంటిమీద ఉన్నన్ని పచ్చబొట్లు మరే మగవాడి ఒంటిమీదా లేవు. వాటిలో ఒక్కదానికి కూడా అతడు అర్హుడు కాడు.

మా దీవుల్లో పచ్చబొట్టు అలంకారం కాదు, తీర్పు. పడవెక్కి దాడికి వెళ్లి, శత్రువుకు ఎదురు నిలిచి, ప్రాణాలతో తిరిగివచ్చినవాడికి ఊరంతా ఒప్పుకున్న మీదట పిక్కలపై ఒక వరుస పొడుస్తారు. మళ్లీ వెళ్లివస్తే తొడలకు, ఆపైన రొమ్ముకు ఎక్కుతుంది. గడ్డం దాకా ఎక్కినవాడు నడుస్తుంటే పిల్లలు ఆటలు ఆపుతారు. బులకావ్ విషయంలో ఈ విచారణ ఏదీ జరగలేదు. అతడి మేనమామ ఉంబాస్ పచ్చబొట్లు పొడిచే పని కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో చెయ్యి తిరగడానికి ఒక చర్మం అవసరమైంది. మేనల్లుడు దగ్గర్లో ఉన్నాడు, పరుగెత్తడం చేతకానివాడు, కొబ్బరి వేసి వండిన అన్నం ముద్ద చూపిస్తే ఎంతసేపైనా పడుకునేవాడు. అందువల్ల బులకావ్ ఎడమ తొడమీది అలలు వంకరటింకరగా ఉంటాయి, భుజాల దగ్గరికి వచ్చేసరికి పనితనం అమోఘంగా ఉంటుంది. ఒక మనిషి వృత్తిలో ఎలా ఎదిగాడో ఇంకొక మనిషి ఒంటిమీద అంత వివరంగా చదువుకోవచ్చు.

ఊరు అతడికి ఉడుము అని పేరు పెట్టింది. ఉడుముకూ చర్మం నిండా అందమైన చుక్కలే. కుక్క మొరిగితే పొదలోకి పోతుంది. అతడి భార్య లుబయ్ రేవు దగ్గర ఆడవాళ్లతో చెప్పే మాట ఒకటుండేది: పెళ్లికి ముందు ఒళ్లు చూశానని, పెళ్లయ్యాక మనిషిని చూశానని.

అయితే అతడు పిరికివాడైనది నేలమీదనే. తీరం కొసన తాత నాటిన కొబ్బరితోట ఉండేది. నడుముకు గీతకత్తి, వీపున వెదురు గొట్టం కట్టుకుని చెట్టెక్కాడంటే బులకావ్ వేరే మనిషి. గాలికి చెట్టు వంగితే తానూ వంగుతూ, గెల కోసి, కల్లు దించి, పైనుంచే ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో కిందివాళ్లకు చెప్పేవాడు. ఊరి పెళ్లిళ్లకు, చావులకు, తగవుల పరిష్కారానికి కల్లు ఆ తోట నుంచే వచ్చేది. ఆ తోట తప్ప అతడికి ఈ లోకంలో మరో గౌరవం లేదు.

సముద్రాల అవతలి కస్తీలా దేశపు తెల్లవాళ్ల ఓడ వచ్చిన రోజు ఊరిపెద్ద దాతు బనుగాన్‌కు చలిజ్వరం. దాతు చిన్న మనిషి, వయసుతో పచ్చబొట్లు వెలిసిపోయాయి, పైగా మెడ దాకా దుప్పటి కప్పుకున్నాడు. పక్కన, అతిథులకు ఇవ్వాల్సిన కల్లుకుండ పట్టుకుని, గోచీతో, నిండు చర్మంతో బులకావ్. డాన్ గాస్పార్ అనే ఓడ కప్తాను పడవ దిగి నేరుగా నడిచి వచ్చి, దుప్పటిలో ఉన్న అధికారాన్ని దాటి, కల్లుకుండ పట్టుకున్నవాడి ముందు టోపీ తీసి వంగాడు.

దాతు పొరపాటు సరిదిద్దవచ్చు. ఆయన నోరు తెరిచాడు కూడా. అయితే అందులో తమలపాకు పెట్టుకుని మూసేశాడు. ఎవరో తెలియనివాళ్లు, ఏ పనిమీద వచ్చారో తెలియదు, వచ్చీరాగానే రక్తబంధం కలుపుకుందామంటున్నారు. ఎవరి రక్తంతో మొదలుపెట్టాలన్నది పాలకుడు ఆలోచించవలసిన విషయమే.

“ఒరే ఉడుమూ, కదలకుండా నిలబడు. ఇవాళ్టికి నువ్వే దాతువి,” అన్నాడు పెదవులు కదపకుండా.

“నాకు భయంగా ఉందయ్యా.”

“భయపడు. కాకపోతే లోపల భయపడు, బయటికి కనబడనీకు.”

ఇద్దరి చేతులమీదా గాటు పెట్టి, రక్తపు చుక్కలు కల్లులో కలిపి, ఒకే గిన్నెలోంచి ఇద్దరూ తాగారు. ఆ గిన్నె ఖాళీ అయ్యాక వాళ్లు అన్నదమ్ములు. మా ఆచారంలో ఈ బంధానికి ఒకే షరతు ఉంది, అది ఇద్దరికీ సమానం: నలుగురి ఎదుట ఒకరు అడిగినది రెండోవాడు కాదనకూడదు. కాదన్నవాడు తన నోటితో తానే బంధం తెంపుకున్నట్టు.

తర్వాత కస్తీలా గుమాస్తా ఒకడు కాగితం విప్పి, ఇసుకలో నిలబడి, తన భాషలో చాలాసేపు చదివాడు. ఈ నేల, నీళ్లు, చెట్లు, మనుషులు, వాళ్లకు పుట్టబోయే పిల్లలు, ఈ దీవి ఎక్కడుందో పటంలో చూపించలేని ఒక రాజుగారికి ఇష్టపూర్వకంగా దఖలు పడ్డాయని అందులో ఉంది. బోర్నియో రేవుల్లో తిరిగి రెండు భాషలూ చెరి సగం నేర్చుకున్న దుబాసీ ఆ మొత్తాన్ని ఒక్క వాక్యంలో తేల్చాడు: “మీరంటే వీళ్లకు చాలా ఇష్టమట.”

ఊరు సంతోషించింది, బులకావ్ తలూపాడు. సమ్మతి చెప్పినవాడికి అధికారం లేదు. అధికారం ఉన్నవాడు సమ్మతి చెప్పలేదు. దేనికి సమ్మతి అడుగుతున్నారో ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. ఏ ఒప్పందాన్నైనా చెల్లనిదిగా కొట్టివేయడానికి వీటిలో ఏ ఒక్కటైనా సరిపోతుంది. మూడూ ఉన్న ఈ ఒప్పందం మీద మాత్రం ఒక సామ్రాజ్యం లేచింది.

బులకావ్ తన వంతు అన్నదమ్మరికాన్ని నిజాయితీగా పాటించాడు. రోజూ లుబయ్‌ని, అత్తగారిని, మేనమామను వెంటబెట్టుకుని ఓడెక్కి, కప్తాను బల్ల దగ్గర కూర్చుని, పురుగులు పట్టిన గట్టి రొట్టె నమిలి, ఆ తర్వాత కప్తాను మంచంమీద ఒక కునుకు తీసేవాడు. అన్న ఇంట్లో తమ్ముడు నిద్రపోవడానికి ఎవరి అనుమతి కావాలి? అన్నగారు స్నానం చెయ్యడన్న సంగతి గుర్తించి ఎంతో బాధపడి, మెల్లగా ఏటికి తీసుకువెళ్లాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్లు మిగతా పని చూసుకున్నారు. కప్తాను ఆ సాయంత్రం తన గదికి గడియ పెట్టుకున్నాడు.

ఇదంతా నవ్వుతూనే సాగేది, కప్తానుకు కోట కట్టాలన్న ఆలోచన రాకపోతే. కోటకు దుంగలు కావాలి. ఓడకు దగ్గరగా, తిన్నగా, వరుసగా నిలబడి ఉన్న చెట్లు తీరం కొసన ఉన్నవే. ఊరందరి ఎదుట, దుబాసీ ద్వారా, తమ్ముణ్ణి ఆ తోట అడిగాడు కప్తాను. కాదనడానికి ఆచారం ఒప్పుకోదు. బులకావ్ నోట్లోంచి సరేనన్న మాట రావడం, తోట అంచున తాత మొట్టమొదట నాటిన చెట్టు నేలకూలడం ఆ పొద్దే జరిగిపోయాయి.

ఇంటికి వచ్చి నిచ్చెన మెట్టుమీద కూర్చున్నవాడు లేవలేదు. లుబయ్ అన్నం పెట్టలేదు.

“అన్న అడిగాడని తోట ఇచ్చావు. రేపు నన్నడుగుతాడు,” అంది.

“నిన్నెవరడుగుతారే.”

“సరేలే. మరి నువ్వేం అడిగావు ఆయన్ని?”

బులకావ్ ఆలోచించాడు. ఒకసారి రొట్టె అడిగాడు. తిన్నాక అడిగినందుకు బాధపడ్డాడు.

“రేపు పొద్దున మిగిలినవీ కొట్టేస్తారు. ఆ తర్వాత ఏం ఎక్కుతావు? నా నెత్తా?”

ఎక్కడం అన్న మాట దగ్గర బులకావ్ తలెత్తాడు. గుడిసెల పైనుంచి, సముద్రంమీద, ఓడ నడుమన తెరచాప కట్టే పెద్ద స్తంభం కనబడుతోంది. ఆ తీరంలో అంతకంటే ఎత్తైనది లేదు.

మర్నాడు గొడ్డళ్లు నూరుకుని కస్తీలావాళ్లు ఒడ్డుకు బయల్దేరేవేళకు బులకావ్ కత్తి, గొట్టం కట్టుకుని స్తంభం కొసన ఉన్నాడు. వాళ్ల జెండా ఎగరవలసిన చోట వెదురు గొట్టం బిగించాడు. నావికులు తాళ్లమీదుగా ఎక్కిచూశారు. వాళ్లు ఎక్కినకొద్దీ అతడు స్తంభానికి అటువైపు జరిగాడు, చివరికి వాళ్లే అలిసిపోయి దిగిపోయారు. ఈలోగా ఊరు పడవలు కట్టుకుని ఓడ చుట్టూ చేరింది. దాతు బనుగాన్ చేపలు పట్టడానికి వచ్చినట్టు వచ్చాడు, వల తేకుండా.

“అన్నా,” అని పిలిచాడు బులకావ్ పైనుంచి. “నువ్వు చెట్లు అడిగావు, ఇచ్చాను. నేను ఈ ఒక్క చెట్టు అడుగుతున్నాను. ఇయ్యి.”

దుబాసీ కిందికి చేరవేశాడు. కప్తాను మొదట నవ్వాడు, ఆ తర్వాత నవ్వలేదు, ఆ తర్వాత కుదరదన్నాడు. అంతకాలం మాటలను మెత్తబరిచి బతికిన దుబాసీ చుట్టూ ఉన్న పడవలవైపు చూసి, జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు.

“ఇవ్వడట.”

దాతు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ముసలివాణ్ణి, సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి అడగరా ఉడుమూ.”

ఇంకోసారి అడిగాడు. కప్తాను ఇంకా గట్టిగా కాదన్నాడు.

“అందరూ విన్నారుగా,” అన్నాడు దాతు. విన్నామన్నారు అందరూ. పడవలు తిప్పుకుని వెళ్లిపోయారు.

ఎవరూ కోపగించుకోలేదు, ఆయుధం ఎత్తలేదు. బంధుత్వం లేనివాళ్లకు బియ్యం, పంది, కోడి పంపవలసిన అవసరం లేదు, అంతే. ఊరు తన ధాన్యం ఎత్తుకుని కొండెక్కింది. సైనికులు తుపాకులతో దిగి చూస్తే ఖాళీ ఇళ్లు, పొయ్యిల్లో వెచ్చగా ఉన్న బూడిద. తిండి వెతుకులాటలో పడి తోట నరకడం ఆగిపోయింది, కత్తి ఉన్నవాడు పైన కూర్చోగా తెరచాప ఎత్తడమూ కుదరలేదు. ఎదురుగా లేనివాణ్ణి కాల్చే తుపాకీ వాళ్లింకా తయారుచేయలేదు.

ఎదురుగా ఉన్నవాడు ఒక్కడే. ఒక సైనికుడు స్తంభంమీదికి గురిపెట్టాడు కూడా. బులకావ్ భయపడ్డాడు. దాతు నేర్పినట్టు, లోపలే. అతణ్ణి కాపాడినవాడు ఆ గుమాస్తా. ఈ నేలను ఇష్టపూర్వకంగా ఇచ్చిన రాజు ఇతడేనని కాగితంలో ఉంది. ఇష్టపూర్వకంగా ఇచ్చిన రాజును స్తంభంమీద కాల్చి చంపామని పైవాళ్లకు ఎలా రాయాలో తనకు తెలియదని కప్తానుకు విన్నవించాడు. ఆ కాగితం మా వాళ్లకు చేసిన మేలు అదొక్కటే.

లుబయ్ మాత్రం పొద్దునా సాయంత్రం చిన్న పడవలో వచ్చి, కాల్చిన పందిమాంసం, కొబ్బరన్నం తాటాకులో కట్టి, భర్త దించిన తాడుకు వేలాడదీసేది. ఆ మూట ఆకలితో ఉన్న ఓడవాళ్ల ముక్కుల ముందునుంచి, తొందరపడకుండా, పైకి వెళ్లేది. ఒక నావికుడు దాన్ని చూస్తూ ఏడ్చాడని దుబాసీ తర్వాత చెప్పాడు. మధ్యలో కప్తాను ఒక ఎర్రటోపీ పంపించి రాజీ అడిగాడు. బులకావ్ టోపీ పెట్టుకున్నాడు, బావుందన్నాడు, దిగలేదు.

చివరికి పురుగుల రొట్టె కూడా అయిపోయిన రోజున కప్తాను కిందనుంచి తలెత్తి, స్తంభం నీదేనని ఒప్పుకున్నాడు. కొండమీదినుంచి ఊరిని పిలిపించి, వాళ్లు వినేలా మళ్లీ చెప్పించారు. బులకావ్ అప్పుడు దిగివచ్చాడు. బంధం అతుక్కుంది. అతుక్కోగానే కప్తాను అడిగిన మొదటి కోరిక, ఓడ కదలాలి కాబట్టి ఆ స్తంభాన్ని కొంతకాలం వాడుకోనివ్వమని.

“అన్న అడిగితే కాదంటానా,” అన్నాడు బులకావ్. “వాడుకో. తోటమీద చెయ్యి వెయ్యకు. పని అయ్యాక తెచ్చి ఇయ్యి.”

ఊరు బియ్యం ఇచ్చింది. ఓడ తన సొంతం కాని స్తంభానికి తెరచాప కట్టుకుని గాలి వచ్చిన వైపు వెళ్లిపోయింది.

ఆ వెన్నెల పక్షంలోనే ఊరు కూర్చుని, వయసుతో చేతులు వణుకుతున్న ఉంబాస్‌ను పిలిపించి, మేనల్లుడి గొంతు కింది నుంచి గడ్డం దాకా ఒక నిలువు గీత పొడిపించింది. చెయ్యి వణకడం వల్ల అది కాస్త వంకరగా వచ్చింది. ఒళ్లంతటిలో హక్కుగా వచ్చినది అదొక్కటే కాబట్టి బులకావ్ తల ఎప్పుడూ కొంచెం ఎత్తి నడిచేవాడు, గుంటల్లో పడేవాడు. ఉడుము అన్న పేరు మారలేదు. పిలిచే గొంతు మారింది.

చాలా ఏళ్లకు, దాతు బనుగాన్ పోయాక, వేరే ఓడలు వచ్చాయి. కొత్త అధికారి పాత కాగితం నకలు తెచ్చాడు. ఈ దీవిని బులకావ్ మహారాజు ఎప్పుడో ఇచ్చేశాడు కనుక ఇకమీదట ఇంటింటికీ పన్ను అన్నాడు. మహారాజును పిలిపించారు. పండుజుట్టు, ఎర్రటోపీ, నోట్లో వక్క. ఈసారి దుబాసీకి భాష బాగా వచ్చు. కాగితంలోని ప్రతి ముక్కా విడమర్చి చెప్పాడు. బులకావ్ ఓపిగ్గా అంతా విన్నాడు.

“బానే ఉంది. నా స్తంభం తెచ్చారా?”

అధికారి కాగితమంతా వెతికించాడు. స్తంభం ప్రస్తావన అందులో లేదన్నాడు.

“రాసుకోకపోవడం మీ తప్పు నాయనా. ఊరంతా విన్నారు.”

ఊరిలో బతికున్న ముసలివాళ్లందరూ విన్నామన్నారు. అధికారి తన తుపాకులవైపు చూశాడు. పన్ను వసూలైంది. తుపాకీ వాదన కాదు, వాదనలో ఓడిపోయినవాడు తీసే వస్తువు.

ఆ తర్వాత ఏటేటా పన్నుకు వచ్చిన ప్రతివాణ్ణీ బులకావ్ తోట మొదట్లో ఆపి, కూర్చోబెట్టి, కల్లు పోసి, ముందు తాత చెట్టు నరికిన దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం కథ చెప్పి, చివర్లో స్తంభం అడిగేవాడు. అతడు పోయాక లుబయ్ ఆ ఎర్రటోపీ తన తలకు పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఆమె కల్లు పోసేది కాదు, కథ మాత్రం ఇంకా వివరంగా చెప్పేది, అడిగేటప్పుడు పన్నుకు వచ్చినవాడి చొక్కా పట్టుకునేది. కొన్నేళ్లకు వసూలు పడవలు తీరం కొసన దిగడం మానేసి, చుట్టూ తిరిగి ఏటి వైపు నుంచి ఊళ్లోకి వచ్చేవి. దానివల్ల కబాలిహన్ మొత్తంలో పన్ను అడగడానికి ఎవరూ రానిది ఆ కొబ్బరితోట ఒక్కటే.