గెత్తం కుప్పలో కొమ్ము పురుగులు

మొన్న సాయంత్రం, విజయనగరంలో మేముండే అద్దె గది వరండాలో ట్యూబులైటు వెయ్యగానే, నల్లటి పురుగొకటి ఎగిరివచ్చి గోడకు టప్పున కొట్టుకుని నేలమీద వెల్లకిలా పడింది. బొటనవేలంత ఉంది. నుదుటి మీద వెనక్కి వంగిన చిన్న కొమ్ము. నాతో ఉండే అమ్మాయి కెవ్వుమని కుర్చీ ఎక్కి, అక్కడినుంచే చెప్పు విసిరింది. పాపం దానికి కాటూ లేదు, విషమూ లేదు. ఆ సంగతి చెప్పబోయి, నాకు అలవాటైనట్టే మానేశాను. ఆమె దాన్ని చీపురుతో ఊడ్చేసి వంటపనిలో పడ్డాక కూడా నేను ఆ గోడ దగ్గరే నిలబడి ఉండిపోయాను.

మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో, ఉద్దానంలో, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంది. మా తాతకు అక్కడ నూటముప్పై కొబ్బరిచెట్లు ఉండేవి. నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా దసరా సెలవుల్లో తుఫాను వచ్చింది. నా ఈడువాళ్ళకు, అటువైపు పుట్టినవాళ్ళకు, దాని గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. తెల్లారి తలుపు తీసేసరికి పదిహేడు చెట్లు నిలబడి ఉన్నాయి. మిగిలినవన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టుకుని పడుకున్నాయి.

పడిన చెట్లను ఇటుకల బట్టీకి ఇచ్చేద్దామన్నాడు చిన్నాన్న. ట్రాక్టరు కూడా మాట్లాడాడు. తాత ట్రాక్టరుకి అడ్డంగా కూర్చున్నాడు.

"బట్టీలో కాల్సడానికేట్రా ఆల్ని పెంచినాను? నీళ్ళు మోసి మోసి నా బుజం కాయ కాసిపోనాది. పోయినోలు ఉన్నోలకి గెత్తం అవుతారు. ఎల్లు, ట్రాక్టరు తోలుకుపో!"

గెత్తం అంటే మా వైపు పశువుల ఎరువు. చెట్లను మనుషుల్లా 'ఆళ్ళు' అనడం మా దగ్గర తాత ఒక్కడికే ఉన్న అలవాటు కాదు. కొబ్బరిచెట్టుని కొడుకు కింద లెక్కేసే ఊళ్ళు మావి. పడినదాన్ని కాల్చడానికి చాలామందికి చెయ్యి రాలేదు. తాత మొద్దులు కోయించి, మిగిలిన చెట్ల పక్కనే కుప్ప పేర్పించి, పైన పేడ, కుళ్ళిన ఆకు వేసి, రోజూ బిందెడు నీళ్ళు చల్లేవాడు. చల్లుతూ ఏ మొద్దు ఏ వరసలోదో తనలో తను చెప్పుకునేవాడు. అడుగున ఉన్నది మా నానమ్మ కాపరానికొచ్చిన ఏడు నాటిన చెట్టట. నానమ్మను నేను చూడలేదు.

మరుసటి ఏడు తొలకరికి కుప్ప ఒక మూల తవ్వితే తెల్లటి లావుపాటి పురుగులు, గోధుమరంగు తలలతో, వంకర తిరిగి పడుకుని కనిపించాయి. తాత ముఖం వెలిగిపోయింది. పురుగు పట్టిన గెత్తమే బలమైన గెత్తమని ఆయన నమ్మకం. వానపాములున్న నేల మంచిదన్నట్టుగా ఆయన వాటినీ మంచికే లెక్కేశాడు. రెండిటిని నేను ఖాళీ పచ్చడి సీసాలో, గుప్పెడు ఎరువులో వేసుకున్నాను.

"ఏటే గుంటా, పెంచి పెళ్ళి సేస్తావేటి ఆటికి?" అని నవ్వాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

నాకు మనుషులతో కంటే ఇలాంటివాటితో పొద్దుపోయేది. బడి గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన పురుగుల పుస్తకమొకటి ఉండేది. దాన్ని చదువుతూ సీసాలో జరిగేదంతా డైరీలో రాసుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఒకటి చచ్చిపోయింది. రెండోది కదలడం మానేసి, గట్టిపడి, చివరికొక రోజు నల్లగా, నిగనిగలాడుతూ, కొమ్ముతో బయటికొచ్చింది. ఆ పుస్తకంలో దీని గురించి రెండు పేజీలున్నాయి. పిల్లగా ఉన్నన్నాళ్ళూ ఇది చచ్చిన చెట్టునే తింటుంది, బతికినదాని జోలికి పోదు. రెక్కలొచ్చాక బతికిన చెట్టు నడినెత్తినుండే లేత మొవ్వులోకి తొలుచుకుపోతుంది. అప్పుడు కూడా అది ఆకు తినదు, పీచు నమిలి రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. ఇంకా విప్పుకోని ఆకులో ఆ గాయం అవుతుంది గనక, వారాలు గడిచి ఆకు విప్పుకుంటే తప్ప పైకి కనబడదు. దానికి ఊయల చచ్చిన చెట్టు, తిండి బతికిన చెట్టు. రెండూ పక్కపక్కన పెట్టి, రోజూ నీళ్ళు చల్లి, తాత దాన్ని సాకుతున్నాడు.

అప్పటికింకా కుప్పలో ఒక మూలే తవ్వారు. మిగిలినదాన్ని తగలబెట్టేస్తే పదిహేడు చెట్లూ దక్కుతాయి. ఆ ఒక్క మాట చెప్పడానికి సీసాని చున్నీ కింద దాచుకుని తోటకి వెళ్ళాను. తాత కుప్ప పక్కన గొంతుక్కూర్చుని మట్టి చదును చేస్తున్నాడు. నన్ను చూసి, "రా, మీ నానమ్మ సెట్టు బాగా మాగినాది, సూడు" అన్నాడు. ఏం చెప్పను? నానమ్మ చెట్టే మిగిలినవాటిని చంపబోతోందని ఎలా అనను? చూశానని తలూపి వచ్చేశాను. ఆ సాయంత్రం పురుగుని చంపలేక కంచె అవతల వదిలేస్తే, అది గిరగిరా తిరిగి తోటవైపే ఎగిరిపోయింది.

గెత్తమంతా పదిహేడు మొదళ్ళకీ వేశారు. చలికాలం వచ్చేసరికి విప్పుకున్న ప్రతి కొత్త ఆకూ ఎవరో కత్తెరతో విసనకర్రలా కత్తిరించినట్టు ఉంది. ఆ గాయాల వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చింది. కొమ్ము పురుగు చెట్టుని గాయపరుస్తుంది, ప్రాణం తీసేది ఇది. మొవ్వులు పులిసిన కల్లు కంపు కొడుతూ ఒక్కొక్కటే వాలిపోయాయి.

ఆఖరి చెట్టు దగ్గరికి ఒకనాటి పొద్దున్న తాత నన్ను పిలిచి, చెవి ఆనించి వినమన్నాడు. లోపల ఎవరో మరమరాలు నములుతున్నట్టు, ఆగకుండా, తొందర లేకుండా, కరకరమని చప్పుడు. చాలాసేపు విన్నాను. చెవి తీస్తే ఆయన ముఖం చూడాలి.

"నువ్వు అన్ని పుస్తకాలు సదువుతావు కదే. ఇది ఎక్కడినుంచొస్తాదో ఎందులోనూ రాయలేదేటి?"

"లేదు తాతా."

ఆయన పెద్ద బరువేదో దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "అయితే మనకి తెలిసే దారి లేదు లే" అన్నాడు. బతికినన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పాడు, పుస్తకాల్లో కూడా లేదట, మా గుంట సూసినాది, అని. చెప్పాల్సిన రోజున మూగబోయిన నోరు ఆ అబద్ధాన్ని మాత్రం తడుముకోకుండా పలికింది. నేను ఆయనకిచ్చినది అదొక్కటే. దాన్ని వెనక్కి తీసుకోవాలనుకున్నా, ఇప్పుడు వినడానికి ఆయన లేడు.

ఇప్పుడక్కడ చిన్నాన్న వేసిన జీడిమొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఒకప్పుడు బస్సు దిగినవాళ్ళకి మా ఇల్లు కనబడేది కాదు. తోటలోంచి, నీడలోంచి చాలాదూరం నడిస్తే గానీ పెంకులు కనిపించేవి కావు, కొత్తవాళ్ళయితే దారి తప్పేవాళ్ళు. ఇప్పుడు బస్సు కిటికీలోంచే ఇల్లంతా కనిపిస్తుంది, ఎండలో, గుమ్మంతో సహా. ఎవరూ దారి అడగనక్కర్లేదు.