చింతపండు పాదాలు

మా గుడిలో పవిత్ర గురువారం సాయంత్రం ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తు అది. నాకు తెలిసినప్పటినుంచీ ఆ పన్నెండు మందీ మీసాలున్న పెద్దమనుషులే. మా నాయన ఉపదేశి కాబట్టి ఏటా వాళ్ళు కూర్చునే బల్ల మీద ఆయనకు చోటు ఖాయం. ఆ రోజు మధ్యాహ్నం నుంచే బావి దగ్గర కూర్చుని మడమలు రాయితో రుద్దుకునేవాడు.

“ఫాదర్ గారు కడుగుతారు గదా నాయనా, మళ్ళా నువ్వెందుకు కడుక్కుంటాండావు?” అని అడిగితే, “ముందే కడుక్కోకుంటే ఆయన ఏమనుకుంటారు పాపా!” అనేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఫాదర్ గారు ఆ బల్ల మీద ఈసారి బడిపిల్లలకూ ఒక చోటు ఉంటుందని, ఆడపిల్లలైనా సరేనని గుడిలో చెప్పారు. హిందూపురంలో మా సిస్టర్ల బడిలో తొమ్మిదో తరగతి వాళ్ళు ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో సేవ చేసి తీరాలి. ఆ సేవ సరిగ్గా ముగించిన కతోలిక బిడ్డకే ఆ చోటు. మా తరగతిలో కతోలిక బిడ్డలం ఇద్దరమే: నేనూ, ఇంకో అబ్బాయీ. వాడు తెలివిగా సమాధుల తోట ఊడ్చి వచ్చాడు. అయితే సేవ అందుకున్నవాళ్ళు సిస్టర్‌తో “అవును, చేసినారు” అని నోటితో చెప్పాలని నియమం. సమాధుల తోటలో ఎవరూ నోరు విప్పలేదు గనుక వాడి సేవ చెల్లలేదు.

ఇక మిగిలింది నేనే. ఆ చోటు దక్కాలని రోజూ జపమాల చెప్పుకున్నాను. వినయం నేర్పే బల్ల మీదికి ఎక్కడానికి అంత తొక్కులాట ఏమిటని మరియమాత అనుకునే ఉంటుంది.

ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినట్టు సిస్టర్ కూడా మమ్మల్ని జంటలుగా పంపారు. నా జత బస్టాండు దగ్గర పంచరు అంగడి వాళ్ళమ్మాయి. సాయిబుల పిల్ల, నోరు పెద్దది. మాకు వచ్చింది పెనుకొండ దారిలో ఒక పల్లెలో ఉండే అవ్వ. కోడలు గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతే ఆమె పగలంతా ఇంట్లో ఒక్కతే. వాకిట్లో చింతపండు కుప్ప. పిక్కలు తీయాలి, ఉప్పు చల్లి తొక్కాలి, కుండలకెత్తాలి. ఇంతకంటే సులువైన సేవ ఉంటుందా అనుకున్నాం.

తపస్సు కాలం కాబట్టి సేవ శుక్రవారమే చేయాలని సిస్టర్ నిర్ణయించారు. మొదటి శుక్రవారం మేం పోయేసరికి అవ్వ ఓళిగలు చేసి, నెయ్యి వేసి, పళ్ళెంలో పెట్టి ఎదురుచూస్తోంది.

“కూసోండి పాపా. ముందు తినండి.”

“వద్దవ్వా, నేను పొద్దు మునిగేదాకా ఉపవాసం” అన్నాను.

“నాది రోజా అవ్వా” అంది నా జత. రంజాన్ నెల ఆ వారమే మొదలైంది.

అవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నీళ్ళన్నా తాగుతారా?”

“నేను తాగుతా.”

“నాకు అదీ లేదు” అంది నా జత.

“ఇదేం ఇస్కూలమ్మా! పిల్లోళ్ళను పస్తు పెట్టి పనికి పంపుతారా?”

నేను వినయంగా కుప్ప వైపు చెయ్యి చాచాను. అవ్వ చింతపండు కొట్టే కర్రతో నా వేళ్ళ మీద ఒకటి వేసింది. “చెయ్యి తియ్యి! మా ఇంట్లో ముద్ద తినకుండా ఎవురూ పని ముట్టేదానికి లేదు. మా అత్త కాలంనుంచీ అంతే. కూలోళ్ళకైనా ముందు సంగటి, ఆమీటే పని. పస్తున్నోళ్ళ చేత పని చేపిచ్చుకుంటే ఆ పాపం యాడికి పోతాది?”

తింటే మా దీక్ష చెడుతుంది. తినకపోతే అవ్వ దీక్ష చెడుతుంది. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి అవ్వే పిక్కలు తీసింది. తిండి లేక సొమ్మసిల్లి పడతామేమోనని మధ్యమధ్యలో లేచి వచ్చి విసనకర్రతో మాకు విసిరింది. ఆ రోజు జరిగిన సేవ అది.

“ఓళిగలు డబ్బాలో పెట్టియ్యి అవ్వా, రాత్రికి తింటాం” అని నా జత బేరం పెట్టింది.

“డబ్బాలో పడితే లెక్కలేదు. కడుపులో పడల్ల” అంది అవ్వ.

రెండో శుక్రవారం సిస్టర్ విచారించడానికి వస్తారని తెలిసింది. అవ్వ సంగతి చూస్తే మొన్నటి లాగే ఉంది. ఈసారి ఉగ్గాని, బజ్జీలు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడే చేనుదాకా పోయి వచ్చి, దుమ్ము కాళ్ళతో మంచం మీద కూర్చున్న అవ్వ కాళ్ళు నా కంటబడ్డాయి. ప్రభువే దారి చూపించాడనుకున్నాను. చెంబెడు నీళ్ళు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె కాలు పట్టుకున్నాను.

“ఇడువే! నా కాళ్ళు నువ్వు కడిగేదేందే!” అని అవ్వ అరిచింది.

కాళ్ళు కడగబోయిన ప్రభువుతో శిష్యుడు పేతురు అన్నదీ సరిగ్గా ఈ మాటే. “నేను నిన్ను కడగకుంటే నాతో నీకు పాలు లేదు” అని ప్రభువు ఇచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చు. కాని గాబరాలో నా నోటినుంచి వేరేగా వచ్చింది. “నన్ను కడగనీకుంటే నాకు బల్ల మీద చోటుండదు అవ్వా!”

“ఏం బల్లే? మంచం ఉండాది గదా, కూసో!”

అవ్వ రెండు కాళ్ళూ పైకి లాక్కుంది. నేను వదల్లేదు. చెంబు బోర్లాపడింది. ఉగ్గాని పళ్ళెం నా జత అందుకోకపోతే అదీ పోయేది. సరిగ్గా అప్పుడే సిస్టర్ వాకిట్లోకి వచ్చారు.

“అవ్వా, మా పిల్లలు ఏమన్నా సాయం చేసినారా?”

అవ్వకు అబద్ధం చేతకాదు. “యాడ సాయం సిస్టరమ్మా! ఒక పిక్క గూడా తీయలే. పోనీ తిన్నారా అంటే అదీ లే. వీళ్ళకు గాలి ఇసిరేదే నాకు పనై పోయింది. ఇప్పుడు కాళ్ళు గూడా పీకుతాండారు.”

నా చోటు బల్ల మీదినుంచి జారిపోవడం కళ్ళారా చూశాను.

“మీరన్నా తినండి” అంటూ అవ్వ పళ్ళెం సిస్టర్ ముందుకు తోసింది.

సిస్టర్ గొంతు తగ్గించి, “నేను కూడా ఉపవాసం అవ్వా” అన్నారు.

అవ్వ నెత్తి కొట్టుకుంది. “మీకందరికీ శుక్రారమే దొరికిందా? లక్ష్మమ్మ వచ్చే దినం, పొయ్యి చల్లగా ఉండేదానికి లేదు. నన్ను చూడండి, మంత్రాలయం సామికి సక్కంగా బేస్తారం ఒక్కపొద్దు ఉంటాను. పొయ్యే ఎలిగియ్యను.”

నా జత పళ్ళెం కింద పెట్టింది. “అవ్వా, బేస్తవారం నువ్వే తినవు గదా. ఆ పొద్దు మేమూ తినకుండా పని చేస్తే?”

అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. “అందరమూ పస్తే గదా. ఇంక ఎవురు ఎవురికి పెట్టల్ల? పాపమేముండాది? రాండి.”

ఈ ఒక్క మాట ముందే ఎవరూ అడగలేదు. శుక్రవారాన్ని ఎంచిన సిస్టర్ తన జపమాల పూసల వైపు చూసుకున్నారు. బేస్తవారమంటే గురువారం. ఇక మిగిలింది ఒక్కటే, అదీ పవిత్ర గురువారం. బడికి సెలవు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముగ్గురం కుప్ప చుట్టూ కూర్చున్నాం. ఎడారిలో ఉపవాసమున్న ప్రభువుకు సాతాను రాళ్ళు చూపించి రొట్టెలు చేసుకోమన్నాడు. రాళ్ళను చూస్తే ఎవరికీ నోరూరదు. మా ముందున్నది కొత్త చింతపండు.

“ఏమే, ఉమ్మి మింగితే రోజా పోదంట. మా నానీ చెప్పింది” అంది నా జత.

“అయితే మింగు.”

“ఇంత మింగితే పోతాదేమోనే!”

సాయంత్రానికి పిక్కలన్నీ తీశాం. ఇక తొక్కాలి. అవ్వ మోకాళ్ళు సహకరించవు, మేమే తొక్కాలి. ఆమె చెంబు, కొబ్బరి పీచు తెచ్చి నా కాలు పట్టుకుంది.

“నా కాళ్ళు నువ్వు కడిగేదేందవ్వా!” అని నేను వెనక్కి లాక్కున్నాను.

“కడగకుంటే నా చింతపండులో నీకు చోటు లేదు” అంది అవ్వ.

ఆ సువార్త ఏనాడూ వినని మనిషి ప్రభువు జవాబును నాకంటే బాగా చెప్పింది. నోరు మూసుకుని కాలు చాచాను. చర్మం ఊడేలా రుద్దింది. ఉప్పు చల్లిన చింతపండులో ఇద్దరం ఒకరి భుజాలొకరం పట్టుకుని గంతులేశాం. పొద్దు మునిగాక నా జత తెచ్చిన ఖర్జూరాలు ముగ్గురం తిన్నాం. అవ్వ సిస్టర్‌కు ఫోన్ చేసి, “చేసినారు సిస్టరమ్మా, బాగా తొక్కినారు!” అని ఊరంతా వినిపించేలా చెప్పింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బస్సుకు పరుగెత్తాను. కాళ్ళు మళ్ళీ కడుక్కునే తీరిక ఎక్కడిది?

గుడికి చేరేసరికి పాదప్రక్షాళన మొదలవుతోంది. మీసాల వరుసలో మా నాయన పక్కన కూర్చున్నాను. ఫాదర్ గారు నా పాదం మీద నీళ్ళు పోశారు. పళ్ళెంలోని నీళ్ళు ఎర్రగా, చిక్కగా మారాయి. గుడిలో ముందు రెండు వరుసలకూ చారు వాసన వచ్చింది. ఎవరో గుటక వేశారు. ఫాదర్ గారు తలెత్తి నన్ను చూశారు.

“చింతపండు ఫాదర్” అని గుసగుసలాడాను.

ఆయనా ఆ రోజు ఉపవాసమే. ఆచారం ప్రకారం వంగి పాదాన్ని ముద్దుపెట్టుకుని లేచేటప్పుడు పులుపుకు ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది.

నాయన నా వైపు వంగి పళ్ళు బిగబట్టి అన్నాడు: “అందుకే చెప్పేది పాపా, ముందే కడుక్కోవల్లని.”

“కడిగినారు నాయనా” అన్నాను. “అవ్వ కడిగింది.”