ఒక్క మచ్చకు తువ్వాలంతా తీసేసే లెక్క

పోయినవి ముందుగా చెబుతాను. ఎడమ కాలి చివరి రెండు వేళ్లు. ఆ పాదంలో స్పర్శ. నాలుగు నెలల పని. మగ్గాల మధ్య షిఫ్టంతా నిలబడగలనన్న ధైర్యం. ఈ చివరిది ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

మాది షోలాపూర్‌లో నీలం నగర్. నాకు నలభై తొమ్మిదేళ్లు. పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేస్తాను. బడిలో లెక్కలు పెద్దగా నేర్వలేదు, మగ్గం దగ్గరే వచ్చాయి.

ఆ రోజు ఎప్పటిలాగే చెప్పుల్లేకుండా మగ్గం నడుపుతున్నాను. పక్క మగ్గం అతను నేల చూపించి, "కాకా, ఈ రక్తం ఎవరిది?" అన్నాడు. నాదే. మగ్గంలో అడ్డనూలు లాగే చెక్క నాడె విరిగి, దాని పేడు చిటికెన వేలి కింద దిగి ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదని తెలిశాకే నాకు చెమటలు పట్టాయి.

ఆసుపత్రిలో మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష చేస్తే పది పాయింట్ ఎనిమిది వచ్చింది, ఏడు లోపు ఉండాలట. బరువు తొంభై ఆరు. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, అరికాలికి సన్నటి తీగ తాకిస్తాను, తెలిస్తే చెప్పమంది. ఎప్పుడు తాకిస్తుందా అని ఎదురు చూస్తూ కూర్చున్నాను. కళ్లు తెరవమనేసరికి అన్ని చోట్లా తాకించడం అయిపోయింది.

"న్యూరోపతి. షుగర్‌తో పాదం నరాలు మొద్దుబారాయి. మందులు నేనిస్తాను, తిండి మీ చేతిలో ఉంది. పదిహేడు కిలోలు తగ్గాలి," అంది.

అన్నం బదులు జొన్న రొట్టె, చక్కెర లేని చాయ్. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు కార్ఖానాలో ఎవరికో కొడుకు పుట్టాడని పేడాలు పంచారు. ఒకటి తిన్నాను. తువ్వాల మీద ఒక్క నూనె మచ్చ పడితే ఆ పీసు మొత్తం సెకండ్ మాల్‌లోకి, సగం ధర సరుకులోకి పోతుంది. ముప్పై ఏళ్లుగా నా బుర్ర అదే లెక్కకు అలవాటు పడింది. పేడాతో ఆ రోజు సెకండ్ అయిపోయిందనుకున్నాను. ఎటూ పోయిన రోజే కదా అని సాయంత్రం భజ్జీలు, రాత్రి అన్నం. తెల్లారి, వారమే పోయింది, వారం సెలవు దాటాక కొత్తగా మొదలుపెడదామనుకున్నాను. అలా చాలా వారాలు పోయాయి.

పుండు మానలేదు. చిటికెన వేలు నల్లబడింది, పక్క వేలికీ పాకింది. రెండూ తీసేశారు. డ్రెస్సింగ్ చూస్తూ సర్జన్, "షుగర్ ఇట్లనే ఉంటే తర్వాత పాదం," అన్నాడు, మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినంత మామూలుగా. ఆ గొంతు నన్ను వదల్లేదు. పాదం లేకుండా మగ్గం ఎట్లా నడపను?

భయంతో కొన్నాళ్లు పద్ధతిగా తిన్నాను. తర్వాత ఒక సాయంత్రం బంధువుల ఇంటి నుంచి లడ్డూలు వచ్చాయి. చేయి ఆగలేదు. ఒకటి తినేశాను. ఇక నా వల్ల కాదనిపించింది. నా భార్య బాలమణి గడప దగ్గర బీడీలు చుడుతోంది. ఈ రోజు పాడైంది, అన్నమే పెట్టు అన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఏంది పాడైంది? నా కట్టల రెండు బీడీలు ఖరాబుంటె కార్ఖానల ఆ రెండే తీసి పారేస్తరు. చాటంత పారబోస్తరా? లడ్డు ఒక్కటి తీసెయ్. రాత్రి తిండి ఇంకా మంచిగనే ఉంది గద." ఇంకో ఆకు చేతిలోకి తీసుకుని, "అందరు నీకు లెక్కలొస్తయంటరు. తిండికాడ గుండుసున్న," అంది.

నాకు కోపం వచ్చింది. అన్నం మాత్రం మళ్లీ అడగలేదు. ఆ రాత్రి రొట్టె, మెంతికూర తిన్నాను.

ఆ తర్వాతా తినకూడనివి తిన్నాను. అవి ఒక్కొక్కటిగానే పోయాయి, వెంట రోజును తీసుకుపోలేదు. ఇప్పుడు బూట్లు వేసుకుని ఒక పూట పనికి పోతున్నాను. రోజూ పొద్దున బాలమణి నా అరికాలు చూస్తుంది. ఆమె ఏమీ లేదనేవరకు నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.

నాలాంటి వారికి చెప్పగలిగేది ఒక్కటే. తినకూడనిది తింటే, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలా అని ఆలోచించకండి. తర్వాతి పూట పళ్లెం సరిగ్గా పెట్టుకోండి, చాలు.

మొన్న హెచ్‌బిఎ1సి ఏడు పాయింట్ నాలుగు. ఎనిమిది కిలోలు తగ్గాను. ఇంకా తొమ్మిది బాకీ.